హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: గేటెడ్ కమ్యూనిటీనా, మామూలు అపార్ట్‌మెంటా, పోర్షనా?

ఈ మూడింట్లో ఏది మంచిదని ఎవరినడిగినా ముందు అద్దె గురించి, ఆ తర్వాత ఆఫీసు దూరం గురించి చెప్తారు. అవి ముఖ్యమే, కాదనను. కానీ టు-లెట్ బోర్డు మీద కనిపించే అద్దె వెనకాల నీళ్ల ఖర్చు, మెయింటెనెన్స్, కరెంటు మీటరు, వాచ్‌మన్, పనావిడ, చెత్త బండి ఇన్ని ఉంటాయి, ఇంటి రకం మారితే ఇవన్నీ మారిపోతాయి. పైగా మనం వాడే నీళ్లు ఎవరి ఊరి బోరులోంచి వస్తున్నాయి, మన చెత్త ఎవరి గుమ్మం ముందు పోగవుతోంది, మన ఇంట్లో పనిచేసే మనిషి ఎన్ని మెట్లు ఎక్కాల్సి వస్తోంది, ఇవి కూడా చాలావరకు ఇంటి రకంతోనే తేలిపోతాయి. దిగిన తర్వాత మన ఒక్కరి వల్ల అవి మారవు. అందుకని ఇల్లు చూసేటప్పుడే మొహమాటం పక్కన పెట్టి అడిగేయాలి.

మూడు రకాల్లోనూ అద్దెకున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా, చివరిదాకా ఊరించడం ఎందుకు. పిల్లలున్న మామూలు ఉద్యోగస్తుల కుటుంబానికి వాటర్ బోర్డు కనెక్షన్ ఉన్న ఇరవై ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు మేలు. ఇంట్లో ఇద్దరూ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లయి, పెద్దవాళ్లో చిన్నపిల్లలో పగలంతా ఇంట్లో ఉండాల్సి వస్తే గేటెడ్ కమ్యూనిటీకి పెట్టే డబ్బు దండగ కాదు. పోర్షన్ మాత్రం పూర్తిగా ఓనర్ మీద ఆధారపడ్డ వ్యవహారం. ఓనర్లు మంచివాళ్లయితే దాన్ని మించింది లేదు, కాకపోతే రోజూ టెన్షనే.

ముందు నీళ్లు

హైదరాబాద్‌లో ఇల్లు బాగుందో లేదో తేలేది ఏప్రిల్, మే నెలల్లో. జూలైలో వెళ్లి కుళాయి తిప్పి చూసి "నీళ్లు ఫుల్లుగా వస్తున్నాయి" అనుకుంటే ఏం లాభం లేదు. ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న ఇదే ఉండాలి: మంజీరా కనెక్షన్ (అంటే వాటర్ బోర్డు కనెక్షనే) ఉందా, ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు?

2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలో ఒక్కో ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా వాటర్ బోర్డు నీళ్లు ఉచితం. అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకింత అని లెక్క. దీనికి మీటరు ఉండాలి, కనెక్షన్‌కి ఆధార్ లింకై ఉండాలి. తలా రోజుకి 135 లీటర్లు చాలని సర్కారు ప్రమాణం, అంటే నలుగురున్న ఇంటికి నెలకి 16,200 లీటర్లు. జాగ్రత్తగా వాడుకునే కుటుంబానికి 20,000లో గడిచిపోతుంది. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో కొందరు ఓనర్లు విదేశాల్లో ఉండి ఆధార్ లింకు చేయించకపోవడమో, పాత మీటరు పాడైతే ఎవరూ పట్టించుకోకపోవడమో జరుగుతుంది, ఆ భారం చివరికి మెయింటెనెన్స్‌లో అందరి మీదా పడుతుంది. ఓనర్ మాట కాకుండా ఒక పాత నీళ్ల బిల్లు చూపించమనండి. శివార్లలో అయితే ఈ ఉచితం ఆ ఇంటికి వర్తిస్తోందో లేదో కూడా ఆ బిల్లే చెప్తుంది.

బర్కత్‌పుర, విద్యానగర్, పద్మారావునగర్, మారేడ్‌పల్లి, ఎస్ఆర్ నగర్ లాంటి పాత కాలనీల్లో పోర్షన్లకీ చిన్న అపార్ట్‌మెంట్లకీ ఈ విషయంలో పెద్ద బలం ఉంది, పైపులైన్లు ఎప్పటివో. పడమటి వైపు, అంటే నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు, నార్సింగి, కోకాపేట దిక్కు, ముప్పై నలభై అంతస్తుల టవర్లకి వాటర్ బోర్డు బల్క్ కనెక్షన్ ఇచ్చినా అది చాలక బోర్లు, బోర్లూ ఎండితే ట్యాంకర్లు. 2024 వేసవిలో అటువైపు ట్యాంకర్ కోసం జనం ఎంత అల్లాడారో అక్కడ ఉన్నవాళ్లనడిగితే చెప్తారు. గేటెడ్ కమ్యూనిటీలో కుళాయి మాత్రం ఎప్పుడూ ఆగదు కాబట్టి లోపలున్నవాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. ప్రైవేటు ట్యాంకరు నీళ్లు ఆకాశం నుంచి రావు కదా. నగరం చుట్టూ ఉన్న ఊళ్లలో ఒకరి పొలంలో బోరు రోజంతా తోడితే పక్క పొలంవాళ్ల బోరు ఎండుతుంది. దీన్ని అదుపు చేయడానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, బోర్లు మాత్రం లోతుకి పోతూనే ఉన్నాయి. కాబట్టి గేటెడ్‌లో ఇల్లు చూసేటప్పుడు పోయిన మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో అడగండి. సరిగ్గా నడిచే అసోసియేషన్ అయితే నెలవారీ లెక్కలు ఉంటాయి, ఓనర్ తన వాట్సాప్‌లోంచే చూపించగలడు. లెక్కలు లేవంటే అది కూడా ఒక జవాబే.

గేటెడ్ కమ్యూనిటీలకి ఒక మంచి పేరు కూడా ఇవ్వాలి. పెద్దవాటికి ఎస్టీపీ ఉంటుంది, వాడిన నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌కీ చెట్లకీ వాడతారు. చిన్న అపార్ట్‌మెంటుకి అంత స్తోమత ఉండదు. కాకపోతే ఎస్టీపీ ఉండటం వేరు, నడవడం వేరు. బాత్రూంలోకెళ్లి ఒకసారి ఫ్లష్ చేసి చూడండి, వాసన వస్తే ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. అలాగే కింద ఇంకుడు గుంత ఎక్కడుందని వాచ్‌మన్‌ని అడగండి. చాలాచోట్ల దాని మీద కారు పార్క్ చేసి ఉంటుంది, కొన్నిచోట్ల సిమెంటు చేసేసి టైల్స్ కూడా వేశారు.

అద్దె కాక ఇంకెంత

బ్రోకర్ 1,600 చదరపు అడుగులు అంటే అది సూపర్ బిల్టప్. అందులో లాబీ, లిఫ్టు, మెట్లు, క్లబ్‌హౌస్ వాటా అన్నీ కలిసి ఉంటాయి, మీరు కుర్చీ వేసుకుని కూర్చోగలిగిన జాగా 1,100, 1,200 దగ్గర ఉంటుంది. పాత అపార్ట్‌మెంట్లలో కామన్ ఏరియా తక్కువ కాబట్టి 1,200 అడుగుల పాత ఫ్లాటు చూడ్డానికి 1,500 అడుగుల కొత్త ఫ్లాటంత ఉంటుంది. రెరా చట్టం 2016లో వచ్చి అమ్మకాలకి కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య నిజంగా వాడుకునే జాగా, చెప్పాలంది గానీ అద్దెల దగ్గర ఇంకా పాత భాషే నడుస్తోంది. టేపు పట్టుకెళ్లండి, సిగ్గుపడొద్దు.

గేటెడ్‌లో మెయింటెనెన్స్ అడుక్కి మూడు నుంచి ఐదు రూపాయల దాకా ఉంటుంది. 1,600 అడుగులకి ఐదు రూపాయల లెక్కన నెలకి 8,000. ఇక్కడో చిక్కుంది. నెలకి 7,500 దాటితే, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు మించి ఉంటే, జీఎస్టీ 18 శాతం. మొత్తం మీద వేస్తే ఇంకో 1,440 రూపాయలు. అద్దె మాట్లాడేటప్పుడు "మెయింటెనెన్స్ ఇన్‌క్లూడెడా, ఎక్స్‌ట్రానా, జీఎస్టీతోనా" అని ముక్కుసూటిగా అడక్కపోతే మొదటి నెలలోనే గొడవ. దీనికి తోడు చాలాచోట్ల సామాను లోపలికి తెచ్చినందుకు షిఫ్టింగ్ ఛార్జీ, ఖాళీ చేసినందుకు మళ్లీ ఛార్జీ, జెనరేటర్‌కి వేరే మీటరు. స్విమ్మింగ్ పూల్, జిమ్ మీరు వాడినా వాడకపోయినా వాటికి కట్టాల్సిందే, వాడని క్లబ్‌హౌస్ అంటే నెలనెలా ఉపవాసముంటూ కట్టే మెస్ బిల్లు.

మామూలు అపార్ట్‌మెంటులో రెండు వేల చుట్టూ ఫిక్స్‌డ్‌గా తీసుకుంటారు, లిఫ్టు పాడైన నెలలో ఇంకొంచెం. పోర్షన్‌లో మెయింటెనెన్స్ అనే మాటే ఉండదు, కానీ కరెంటు మీటరు దగ్గర కళ్లు తెరుచుకుని ఉండాలి. రెండు పోర్షన్లకీ ఒకే సర్వీస్ అయితే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి వెళ్తాయి, అప్పుడు ఓనర్ సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కింత అని తన లెక్క తాను వేస్తాడు. మీ పోర్షన్‌కి విడిగా సర్వీస్ నంబర్ ఉంటేనే దిగండి.

పనిచేసేవాళ్ల వైపు నుంచి చూస్తే

మేమున్న ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గది సెల్లార్‌లో, మోటార్ స్టార్టర్ పక్కనే. నీళ్లు వదిలే రోజు అర్ధరాత్రి దాటాక సంపులో నీళ్లు పడే చప్పుడుకి లేచి, మూత పక్కకి జరిపి టార్చి వేసి మట్టం చూసి, వాల్వు తిప్పి, పైన ట్యాంకు నిండేదాకా మేలుకుని ఉండేవాడు. పొద్దున ఐదింటికి మళ్లీ పాల ప్యాకెట్లు, పేపర్లు, కార్లు తుడవడం. గదిలో ఒక మంచం, గ్యాస్ పొయ్యి, తాడు మీద ఆరేసిన పిల్లల యూనిఫాం, అంతే. వాళ్లావిడ అవే ఫ్లాట్లలో గిన్నెలు తోమేది. అసోసియేషన్ మీటింగులో జీతం పెంచుదామంటే ఎప్పుడూ ఒకటే మాట, "గది ఉచితంగా ఇచ్చాం కదా". ఆ గదిలో మనలో ఎవరైనా ఒక్క రాత్రి పడుకోగలరా?

మామూలు అపార్ట్‌మెంటులో ఇది కళ్లముందే ఉంటుంది కాబట్టి మాట్లాడొచ్చు. వారానికో రోజు సెలవు ఇద్దామని, పిల్లల ఫీజుకి తలా కొంత వేద్దామని నలుగురిని ఒప్పించడం సాధ్యం, మేం చేశాం కూడా, మూడు నాలుగు ఫ్లాట్లవాళ్లు సణిగినా. గేటెడ్‌లో సెక్యూరిటీ అంతా ఏజెన్సీ ద్వారా వస్తుంది. యూనిఫాం ఉంటుంది, షిఫ్టులుంటాయి, పీఎఫ్ ఈఎస్ఐ కాగితం మీదైనా ఉంటాయి. ఒక రకంగా అది మెరుగే. కానీ పన్నెండు గంటల షిఫ్టు నిలబడి చేసే మనిషి పేరు కూడా మనకి తెలియదు, నెల తిరిగేసరికి ఇంకొకరు ఉంటారు.

పనావిడ సంగతి చూద్దాం. గేటెడ్‌లో యాప్‌లో ఎంట్రీ, వెళ్లేటప్పుడు సంచి తనిఖీ, సర్వీస్ లిఫ్టులో మాత్రమే వెళ్లాలన్న రూలు. 2023లో హైదరాబాద్‌లోనే ఒక సొసైటీ నోటీసు సోషల్ మీడియాలో తెగ తిరిగింది, పనివాళ్లు, డెలివరీ అబ్బాయిలు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అని. మన ఇంట్లో పిల్లాణ్ణి ఎత్తుకుని అన్నం పెట్టే మనిషి మన పక్కన లిఫ్టులో నిలబడకూడదట! ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు లిఫ్టుల దగ్గర అతికించిన కాగితాలు చదవండి, ఆ కమ్యూనిటీ మనస్తత్వం అక్కడే తెలుస్తుంది. ఇంకోటి, 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న టవర్ల దాకా బస్సు వెళ్లదు, మెయిన్ రోడ్డు మీద దిగి కిలోమీటరో రెండో నడవాలి, లేదంటే షేర్ ఆటో. అక్కడ పనావిడ జీతం ఎక్కువ అడిగితే "రేట్లు పెంచేశారు" అని గ్రూపులో వాపోతారు. ఇంకా దారుణమేంటంటే కొన్నిచోట్ల ఎవరూ ఇంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదని కూడబలుక్కుంటారు. ఐటీలో మన జీతాలు అలా కూడబలుక్కుని ఆపితే ఊరుకుంటామా?

చెత్త

పోర్షన్ ఇల్లయితే పొద్దున్నే స్వచ్ఛ ఆటో పాట వినిపించగానే మీరే వెళ్లి బుట్ట చేతికివ్వాలి, కాబట్టి తడి, పొడి వేరుచేస్తే ఆ పని వృథా పోదు. అపార్ట్‌మెంటులో ఇదే పెద్ద నిరాశ. మీరు రెండు బుట్టల్లో వేసి గుమ్మం ముందు పెడతారు, పై అంతస్తు నుంచి ఒకే డ్రమ్ములో అన్నీ పోసుకుంటూ వస్తారు. దీనికి చేయాల్సింది చిన్నదే, రెండో డ్రమ్ము కొనివ్వడం, రెండు వారాలు వెంటబడటం. గేటెడ్‌కి సాకు లేదు. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంతవరకు లోపలే కంపోస్టో బయోగ్యాసో చేసుకోవాలని 2016 కేంద్ర నిబంధనలే చెప్పాయి. కొన్ని నిజంగా చేస్తున్నాయి, ఎరువు తోటకే వాడుకుంటున్నాయి. కొన్నిచోట్ల కంపోస్టు యంత్రం బట్ట కప్పి ఉంటుంది. చూపించమనండి.

నగరం చెత్త అంతా ఏళ్ల తరబడి జవహర్‌నగర్ డంప్‌యార్డుకి వెళ్తోంది, ఆ చుట్టుపక్కల కాలనీలవాళ్లు వాసనతోనూ పాడైపోయిన భూగర్భజలాలతోనూ బతుకుతున్నారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజూ మిగిలే కూరగాయల వ్యర్థాలతో ఐఐసీటీ అనే కేంద్ర పరిశోధన సంస్థ టెక్నాలజీ వాడి బయోగ్యాస్, కరెంటు తీస్తున్నారు, పది టన్నులకి సుమారు 500 యూనిట్లు. అంటే తడి చెత్త విడిగా ఉంటే అది పనికొచ్చే సరుకే. అన్నట్టు డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి దయచేసి, వాటిని వేరుచేసేవాళ్లకి చాలాసార్లు చేతులకి గ్లవుజులు కూడా ఉండవు.

కూరగాయలు, సరుకులు: ఇల్లు మారితే అంగడి మారుతుంది

పాత కాలనీలో ఉంటే తోపుడు బండి గుమ్మం ముందుకొస్తుంది, వారానికోసారి సాయంత్రం రోడ్డు పొడవునా అంగడి పెడతారు, సందు చివర కిరాణా కొట్టు ఉంటుంది. గేటెడ్‌లో లోపల ఒక సూపర్‌మార్కెట్, మిగతాదంతా యాప్. కావాలని కాకపోయినా అలా అలవాటైపోతుంది.

నా ఓటు రైతుబజార్‌కి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లు హైదరాబాద్‌లో మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం, సరూర్‌నగర్ లాంటి చోట్ల ఇప్పటికీ నడుస్తున్నాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. దళారులు చొరబడ్డారన్నది కూడా నిజమే, అన్ని స్టాళ్లలోనూ ఉన్నది రైతులు కాదు. పొద్దున ఏడెనిమిది లోపల వెళ్లండి, గుర్తింపు కార్డు ఉన్న రైతులు ఎక్కువగా కనిపిస్తారు. రెండు మూడు రకాల ఆకుకూరో, ఒకటే రకం వంకాయో కుప్ప పోసుకుని కూర్చున్నవాళ్లు చాలావరకు పండించినవాళ్లు. పదిహేను రకాలు అందంగా సర్దుకుని అమ్మేవాళ్లు మార్కెట్లో కొని తెచ్చినవాళ్లు. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, చూసుకుని లోపలికెళ్తే బేరమాడే పని లేదు. తోపుడు బండి దగ్గర కిలోకి ఐదో పదో ఎక్కువ, అది తెల్లవారుజామున లేచి బోయిన్‌పల్లికో గుడిమల్కాపూర్‌కో వెళ్లొచ్చిన శ్రమకి. దానికి గీసిగీసి బేరమాడి, మాల్‌లో కాఫీకి మాత్రం అడిగినంత ఇచ్చి రావడం మనవాళ్లలో బాగా ఉంది.

ఇక పది నిమిషాల డెలివరీ. వాడొద్దని చెప్పను, రాత్రి పదింటికి పిల్లకి జ్వరమొస్తే థర్మామీటర్ దానిమీదే తెప్పించాను. కొత్తిమీర కట్ట కోసం మాత్రం ఒక కుర్రాణ్ణి వానలో సిగ్నల్ దాటించడం నాకు నచ్చదు. 2025 డిసెంబర్ 25న, 31న డెలివరీ వర్కర్లు దేశవ్యాప్తంగా సమ్మె చేసినప్పుడు వాళ్ల డిమాండ్లలో ఈ పది నిమిషాల హడావుడి ఆపమన్నది ముఖ్యమైనది. మీరు పోర్షన్‌లో ఉన్నా మూడో అంతస్తు ఫ్లాటులో ఉన్నా కనీసం ఇది చేయొచ్చు: రోజుకి నాలుగు చిన్న ఆర్డర్లు కాకుండా వారానికి ఒకటో రెండో పెద్దవి, లిఫ్టు లేకపోతే కిందకి దిగి తీసుకోవడం. ఆర్గానిక్ అని రాసినవన్నీ కొనేయకండి, ప్యాకెట్ మీద జైవిక్ భారత్ లోగో చూడండి. తార్నాకలో ఉన్న సహజ ఆహారం లాంటి రైతు సంఘాల దుకాణాలు కొంచెం దూరమైనా నెలకోసారి వెళ్లి పప్పులు, బియ్యం తెచ్చుకోవచ్చు.

నలుగురితో కలవడం

గేటెడ్‌లో సందడి ఎక్కువ, ఒప్పుకోవాలి. బతుకమ్మ, గణేశ్ మండపం, పిల్లల క్రికెట్, బుక్ క్లబ్. బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల కమ్యూనిటీలో 2024లో గణేశ్ లడ్డూ 1.87 కోట్లు పలికింది, బాలాపూర్ లడ్డూ 30 లక్షల దగ్గరే ఆగింది! ఆ డబ్బు సేవా పనులకి వెళ్తుందంటారు, మంచిదే. కానీ అద్దెకున్నవాళ్లకి ఆ సందడిలో చోటుంటుంది గానీ మీటింగులో ఉండదు. అసోసియేషన్ సభ్యులు ఓనర్లే, ఓటు వాళ్లదే. కొన్ని కమ్యూనిటీల్లో ఓనర్లకో వాట్సాప్ గ్రూపు, టెనెంట్లకో గ్రూపు. చిన్న అపార్ట్‌మెంటులో సగం మంది అద్దెవాళ్లే కాబట్టి వాళ్ల మాట లేకుండా మోటార్ రిపేరు కూడా కాదు, చాలాచోట్ల సెక్రటరీ పని ఎవరూ తీసుకోక అద్దెకున్నవాళ్లకే అంటగడతారు. కాస్త నోరున్నవాళ్లయితే అది మంచి అవకాశం.

పోర్షన్‌లో అసోసియేషన్ ఉండదు, వీధి ఉంటుంది. రోడ్డు తవ్వి వదిలేసినా డ్రైనేజీ పొంగినా మీరూ పక్కింటివాళ్లూ కలిసి అడగాల్సిందే. జీహెచ్‌ఎంసీకి 040-21111111, నీళ్లూ డ్రైనేజీకి వాటర్ బోర్డు 155313, తేలకపోతే సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి. ఒక్కరు పదిసార్లు ఫోన్ చేసేకంటే పదిమంది ఒక్కోసారి చేస్తే పని త్వరగా అవుతుంది. ఇల్లు మారగానే ఫారం 8 నింపి ఓటు కూడా కొత్త అడ్రసుకి మార్చుకోండి. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వేయలేదు. కార్పొరేటర్ ఎవరో తెలియకుండా రోడ్డు బాలేదని తిట్టుకుంటూ కూర్చుంటే ఎలా.

ఇంకో చేదు విషయం. ఇల్లు చూడ్డానికి వెళ్తే "మీరు ఎవరండీ, మనవాళ్లేనా?" అని నవ్వుతూ కులం అడుగుతారు. వెజిటేరియన్స్ ఓన్లీ, ఫ్యామిలీస్ ఓన్లీ. పేరు వినగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అని ఫోన్ పెట్టేసిన సంగతి ముస్లిం మిత్రుల్ని అడిగితే కథలు కథలుగా చెప్తారు. పోర్షన్లలో ఇది మొహం మీదే జరుగుతుంది, గేటెడ్‌లో బ్రోకర్ ద్వారా మర్యాదగా జరుగుతుంది, తేడా అంతే. మీరు వాళ్లకి నచ్చే కులంలో పుట్టినా సరే, ఫలానావాళ్లకి ఇవ్వమని గర్వంగా చెప్పే ఓనర్ దగ్గర దిగకండి. ఇవాళ వాళ్లని గేటు దగ్గరే ఆపినాయన రేపు మీ ఇంటికొచ్చే స్నేహితుల్ని లెక్కపెడతాడు, మీ వంటింటి వాసన పసిగడతాడు.

వానాకాలం మాటేంటి

అద్దెకే కదా అని చెరువు సంగతి వదిలేయకండి. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి టోలిచౌకి నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నిజాంపేట భండారీ లేఅవుట్ గట్టి వాన పడితే చాలు, పడవలు కావాల్సి వస్తుంది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టకూడని జాగా) మాటలు అందరికీ నోటికొచ్చాయి గానీ చూసుకునేవాళ్లు తక్కువ. హెచ్‌ఎండీఏ లేక్స్ వెబ్‌సైటులో చెరువుల మ్యాపులు ఉన్నాయి, ఇల్లు ఎక్కడుందో పోల్చుకోవచ్చు. అంతకంటే సులువు, ఆ వీధిలో కిరాణా కొట్టాయన్ని "వానకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్నా?" అని అడగండి. షట్టర్ మీద మరక చూపిస్తాడు.

ఎవరికి ఏది

పెళ్లైన కొత్తలో, ఇద్దరే ఉంటే, ఖర్చు తగ్గించుకోవాలంటే పోర్షన్. మెట్రోకి నడిచివెళ్లేంత దూరంలో, మియాపూర్–ఎల్బీనగర్ లైను మీదో నాగోల్–రాయదుర్గం లైను మీదో పాత కాలనీలో దొరికితే బండి ఖర్చు కూడా మిగులుతుంది. గేటు ఎన్నింటికి తాళం వేస్తారో, మోటార్ స్విచ్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే తెలుసుకోండి. బ్యాచిలర్లకి ఏ రకమూ సులువు కాదు, చిన్న అపార్ట్‌మెంట్లలో సెక్రటరీతో నేరుగా మాట్లాడితే దొరికే అవకాశం కాస్త ఎక్కువ. పెద్దవాళ్లుంటే లిఫ్టు, జెనరేటర్, అంబులెన్స్ లోపలిదాకా రాగలిగే దారి, ఈ మూడూ చూసి గేటెడ్‌కి వెళ్లండి, క్లబ్‌హౌస్ చూసి మాత్రం వెళ్లకండి. బడికెళ్లే పిల్లలున్నవాళ్లకి చిన్న అపార్ట్‌మెంటు, దగ్గర్లో పార్కు. పార్కు లేదంటే నా సలహా కూడా గేటెడ్ వైపే మొగ్గుతుంది, పిల్లలు ఆడుకోవాలి కదా.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. అడ్వాన్స్ సాధారణంగా రెండు నెలలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె కోసుకుంటారా లేదా అన్నది నోటిమాటగా వదిలేయకుండా అందులోనే రాయించండి, మెయింటెనెన్స్ పెరిగితే ఎవరు కట్టాలో కూడా. తాళాలు తీసుకున్న రోజే గోడలు, బాత్రూం ఫిట్టింగులు, కరెంటు మీటర్ రీడింగ్ అన్నీ వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి, గోడకి మేకు ఎవరు కొట్టారన్న వాదన రాదు.